ఆరో క్లాంపు

"సారూ, నా మొగుణ్ణి దొంగ అన్నరు."

మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే గులాబ్‌బీ ఆ మాట అనేసింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. అది 1996 ఫిబ్రవరి, బుధవారం ఉదయం. మహబూబ్‌నగర్ బస్టాండు ఎదుట, సోడాల కొట్టు మీది గదిలో డిటెక్టివ్ దశరథం అప్పుడే తలుపులు తెరిచి బల్ల తుడుచుకుంటున్నాడు.

దశరథం పద్దెనిమిదేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. జిల్లాలో ఏ కొట్టు తక్కెడ ఎటు మొగ్గుతుందో ఆయనకు తెలుసు. అందుకే కొట్లవాళ్లకు ఆయన మీద ప్రేమ తక్కువ. ఉద్యోగం వదిలేశాడు గాని జేబులోని కొలత టేపును వదల్లేదు. సహాయకుడు చోటే మియా పేరుకే చోటే, గుమ్మంలో పక్కకు తిరిగి రావలసినంత మనిషి. ఒకప్పుడు లారీ నడిపినవాడు. ఇప్పుడు ఎక్కిన ప్రతి బస్సులో "మా సారు చూపు పడితే గోడ కూడా నిజం చెప్తది" అని చాటడమే పనిగా పెట్టుకున్నాడు.

చోటే మియా ఇచ్చిన సోడా తాగాక గులాబ్‌బీ నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

"కల్వకుర్తి కాడ, శ్రీశైలం రోడ్డు మీద మాది మెకానిక్ షెడ్డు. మా మామ మెహమూద్ పెట్టిండు, ముప్పై ఏండ్లాయె. జాగా కిష్టయ్య పటేల్‌ది. ఆయన కొడుకు అమరేందర్ దుబాయి నుంచి ఎర్ర కారు తెచ్చుకున్నడు. ఆదివారం మా యాకూబ్ దానికి సర్వీసు చేసిండు. నిన్న అత్తగారోళ్లను ఎక్కించుకొని శ్రీశైలం పోతాంటే ఘాటు రోడ్డు మీద కారు గుంజలేదట, నల్లటి పొగ కక్కిందట. వాపసొచ్చి, హోటల్ కాడ నలుగురి ముంగట, 'అసలు టర్బో తీసి అమ్ముకున్నవు, దొంగా' అన్నడు. శుక్రవారం లోపల షెడ్డు ఖాళీ చెయ్యాల్నట."

"యాకూబ్ ఏమన్నడు?"

"పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నీ తుడిచి డబ్బాల పెట్టిండు, అన్నం ముట్టలె. జాగా పోతే ఇంకో జాగా దొరుకుతది సారూ. ఆ మాట ఎట్ల పోతది?"

దశరథం లేచి టేపు జేబులో వేసుకున్నాడు. "ఫికర్ చెయ్యకు చెల్లె. మాట ఎంత బరువున్నదో తూచి చూద్దాం."

జడ్చర్ల మీదుగా కల్వకుర్తి చేరేసరికి స్కూటరు వెనక టైరు పాపం చోటే మియా బరువుకు సగం చచ్చింది. షెడ్డు ముందు యాకూబ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఒంటి మీద ఉతికిన చొక్కా. మెకానిక్ పనిరోజున ఉతికిన చొక్కా వేసుకున్నాడంటే ఆ షెడ్డులో పని ఆగిపోయినట్టే.

కబురందుకుని అమరేందర్ కారులో వచ్చాడు. నడుపుతున్నది డ్రైవర్ ఎల్లేశం. దుబాయి కారు కనుక స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఆ తాలూకాలో ఎడమవైపు కూర్చుని నడపగలిగినవాడు తానొక్కడేనని ఎల్లేశం మీసానికి కొంచెం ఎక్కువే గర్వం.

"సార్, వీడు కారు ముట్టొద్దు. ఆ షరతు మీదనే వచ్చిన," అన్నాడు అమరేందర్. యాకూబ్ చేతులు వెనక్కి కట్టుకుని పది అడుగులు దూరం జరిగాడు. గులాబ్‌బీ తల తిప్పుకుంది.

దశరథం పొగగొట్టంలో వేలు పెట్టి చూశాడు. కాటుకలా మసి అంటింది, పెట్రోలు వాసన గుప్పుమంది.

"ఆదివారం సర్వీసు అయినంక కారు ఎట్ల నడిచింది?"

"ఆ పొద్దు బాగనే నడిచింది," ఒప్పుకున్నాడు అమరేందర్. "నేను పక్కన కూసున్న, యాకూబే గుట్ట ఎక్కించిండు. బాణం లెక్క పోయింది."

"మరి సోమవారం?"

ఎల్లేశం అందుకున్నాడు. "సోమవారం ఎటూ పోలె సార్. పొద్దున చేను కాడికి తీస్కపోయి బోరు కాడి తొట్టి నీళ్లతోని కడిగిన. బానెట్ ఎత్తి ఎండకు పెట్టి, చాయ తాగొచ్చిన. మంగళవారం శ్రీశైలం బాట పట్టినం. చదునుకు మంచిగనే ఉండె. ఘాటు ఎక్కుతాంటే బానెట్ లోపల బుస్ అని సప్పుడు. లీలమ్మ పాము దూరిందని కేకలు పెట్టింది. కారాపి కొబ్బరికాయ కొట్టించింది గూడ."

లీలమ్మ అమరేందర్‌కు అత్తగారు. ఆ కొబ్బరికాయ తర్వాత కూడా పాము బుసకొడుతూనే ఉందట.

కారు నిలబెట్టి ఇంజను నడిపిస్తే చప్పుడు లేదు, పొగ లేదు. గుట్ట ఎక్కించగానే బుస్‌మంది, వెనక నల్లటి మేఘం లేచింది. దిగి వచ్చాక దశరథం బానెట్ ఎత్తించి చాలాసేపు లోపలికి చూశాడు. పెదవులు కదిలిస్తూ ఏదో లెక్కపెట్టాడు.

"యాకూబ్, ఈ గొట్టాల్లో గాలి ఎక్కడన్న కారుతుందేమో ఎట్ల తెలుస్తది?"

కారు జబ్బు గురించి యాకూబ్‌ను అడిగిన మొదటి మనిషి ఆయనే. యాకూబ్ గొంతు సవరించుకున్నాడు. "టర్బో గాలి పీల్చే మూతికి పాలడబ్బా బిగియ్యాలె సార్. దానికి టైరు వాల్వు పెట్టి, పంక్చర్ షాపు మిషన్‌తోని జర గాలి కొట్టాలె, ఎక్కువ వద్దు. అతుకులన్నిటి మీద సబ్బునీళ్లు చల్లాలె. నురుగు యాడ లేస్తే ఆడ బొక్క."

అతను చేతులు వెనక్కే పెట్టుకుని దూరం నుంచి చెబుతుంటే చోటే మియా చేశాడు. గాలి ఎక్కింది. గొట్టం ఒక చివర సబ్బునీళ్లు పొంగి బుడగలు బుడగలుగా నేల మీద పడ్డాయి. దశరథం ఆ నురుగు తుడిచి, గొట్టాన్ని టేపుతో కొలిచాడు. అక్కడ గొట్టాన్ని బిగించి పట్టే ఇనుప క్లాంపు లేదు. నల్ల గొట్టం మీద, వెతికితే తప్ప కంటికి ఆననట్టుగా, నల్లటి సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టి ఉంది.

"గొట్టాలు మూడు, చివరలు ఆరు, క్లాంపులు ఐదే," అన్నాడు దశరథం. "టర్బో దాని జాగాలనే ఉన్నది."

అమరేందర్ ముఖం ఎర్రబడింది. "టర్బో కాకపోతే క్లాంపు! ఏదైతే ఏంది, దొంగతనం దొంగతనమే. రబ్బరు చుట్టి నన్ను మోసం చేసిండు!"

గులాబ్‌బీ పరీక్షతో మొగుడి పరువు దక్కుతుందనుకుంటే మరో మెట్టు కిందికి దిగినట్టయింది. యాకూబ్ మాత్రం ఆ ట్యూబు ముక్కను అక్కడి నుంచే వింతగా చూస్తున్నాడు. దశరథం షెడ్డులోకి వెళ్లి ఒక రేకు డబ్బా మూత తీశాడు. దాని నిండా క్లాంపులు. మళ్లీ మూత పెట్టి బయటికి వచ్చాడు.

"రేపు పొద్దున తొమ్మిదికి అందరూ మీ చేను కాడికి రండి," అన్నాడు అమరేందర్‌తో.

ఆ సాయంత్రం దశరథం, చోటే మియా దాహమంటూ కిష్టయ్య చేను దగ్గర ఆగారు. కిష్టయ్య అరవై దాటిన రైతు. పల్లి చేనును బిడ్డలా చూసుకుంటాడు. యాకూబ్ పేరెత్తగానే చేతికర్ర నేలకేసి కొట్టాడు. "వాని నాయిన బంగారం అసుంటోడు. వీడేమో నా కొడుకు కారుల టర్బో మింగిండంట! టర్బో అంటే ఏందో నాకెరుక లేదు గాని, మింగుడు తప్పే."

చోటే మియా నీళ్లు తాగుతుంటే దశరథం మోటారు గదిలో మేకుకు వేలాడుతున్న పాత సైకిల్ ట్యూబును టేపుతో కొలిచాడు. తర్వాత బోరు దగ్గర వంగి నీళ్ల గొట్టాన్నీ కొలిచాడు. తనలో తాను నవ్వుకున్నాడు. కారణం తెలియకపోయినా, సారు నవ్వితే చాలని చోటే మియా కూడా నవ్వేశాడు.

గురువారం ఉదయం తొమ్మిదికి కరెంటు వచ్చింది. మోటారు మోగింది. పల్లి చేను కాలువలోకి నీళ్లు దూకాయి. కిష్టయ్య, అమరేందర్, ఎల్లేశం, యాకూబ్, గులాబ్‌బీ బోరు చుట్టూ నిలబడ్డారు. దశరథం గట్టు మీద కూర్చున్నాడు.

"చెల్లె, ఒక లెక్క," అన్నాడు గులాబ్‌బీతో. "నాలుగు సోలల బియ్యం కొలిచి, నాలుగు సోలలకు ఎసరు పెట్టమని చెప్పినం. బియ్యం తెచ్చేటోని సంచికి బొక్క, దారిల సోలెడు ఒలికింది. ఎసరు మాత్రం నాలుగింటికే పెట్టిరి. ఏమైతది?"

"అన్నం సంకటైతది సారూ."

"కారుల అయ్యిందదే. గాలి బియ్యం, పెట్రోలు ఎసరు. కారు గాలిని మొదట్లనే కొలుస్తది, దానికి సరిపడ పెట్రోలు పోస్తది. నడుమ ఒక అతుకు కాడ గాలి కారిపోతే పెట్రోలు ఎక్కువైతది. పొగ, మసి, వాసన అన్నీ దానివల్లనే. నిలబెట్టినప్పుడు గాలికి జోరుండదు కాబట్టి ట్యూబు ఆగింది. గుట్ట ఎక్కితే టర్బో గాలిని తోస్తది, ట్యూబు ఉబ్బుతది. లీలమ్మ పాము గదే."

"గొట్టానికి ట్యూబు కట్టిందెవరు? అది చెప్పు సార్," అన్నాడు అమరేందర్.

"యాకూబ్ కాదు. ఆదివారం సాయంత్రం నువ్వు కూసుండంగనే కారు గుట్ట ఎక్కింది. ఈ ట్యూబుతోని ఎక్కదని నిన్న చూసినం. పైగ డబ్బెడు క్లాంపులున్నోడు రబ్బరు ఎందుకు చుడ్తడు? ఎల్లేశం చాయకు పోయింది సోమవారం పొద్దున. అప్పుడు కారు బానెట్ తెరిచి ఈ బోరు కాడనే ఉన్నది. అప్పుడే కరెంటొచ్చింది." ఆయన నీళ్ల గొట్టం వైపు చూపించాడు. తుప్పు పట్టిన ఆ గొట్టం అతుకు దగ్గర ఒక్క వస్తువే తళతళమంటోంది. "కారు గొట్టం రెండున్నర అంగుళాలు. ఇదీ రెండున్నరే. ట్యూబు ముక్క కోసింది మోటారు గదిల మేకుకున్న ట్యూబు నుంచి. పటేలా, గీ క్లాంపు యాడిది?"

కిష్టయ్య తడుముకోలేదు. "కారుది. నేనే తీసిన. పాత క్లాంపు పుటుక్కున తెగింది, నీళ్లన్నీ దారిన పోతున్నయి. కరెంటుండేది ఆరు గంటలే. ముందు ట్యూబే కట్టిన, నీళ్ల బలానికి ఆగలె. కారు దిక్కు చూస్తే గిదే సైజు. తీసి దీనికి బిగించి, దానికి ట్యూబు కట్టిన. సంతల కొత్తది తెచ్చి మల్ల పెడుదమనుకున్న. దాంట్ల పోయేది వట్టి గాలేనాయె! గాలికి అంత బలమా?"

"నీ బోరుకు మోటారు ఎట్లనో ఆ కారుకు టర్బో అట్ల పటేలా. ఇది నీళ్లను తోస్తది, అది గాలిని తోస్తది."

ముసలాయన నోరు తెరిచి కారు వైపు, బోరు వైపు మార్చి మార్చి చూశాడు. "మరి యాకూబ్ మింగింది?"

"ఏం మింగలె బాపూ," అన్నాడు అమరేందర్. అతని గొంతులో నిన్నటి జోరు లేదు. కారులోంచి స్క్రూడ్రైవర్ తీసి రెండు చేతులతో యాకూబ్‌కు అందించాడు. "తప్పయింది యాకూబన్నా. షెడ్డు నీదే. కారుకు క్లాంపు నువ్వే పెట్టు."

"హోటల్ కాడ అన్నవు," అంది గులాబ్‌బీ. "హోటల్ కాడనే చెప్పాలె."

"చెప్త అక్కా. గా నలుగురినీ పిలిచి చెప్త."

యాకూబ్ స్క్రూడ్రైవర్ తీసుకుని కారు దగ్గరికి కాదు, బోరు దగ్గరికి నడిచాడు. ఉతికిన చొక్కా జేబులోంచి ఒక కొత్త క్లాంపు తీశాడు. పటేల్ బోరు గొట్టానికి కట్టే తీరులోనే చుట్టి ఉన్న ట్యూబు ముక్కను నిన్న చూసినప్పుడే అతనికి సంగతి అర్థమైందని, అయినా ముసలాయన పేరు తన నోట రాకూడదని ఊరుకున్నాడని అప్పుడు తెలిసింది.

"ముందు కారు చూడరాదు," అన్నాడు ఎల్లేశం.

"కారు ఆగుతది. కరెంటు ఆగదు," అన్నాడు యాకూబ్.

మోటారు రెండు నిమిషాలు ఆపించి, మెరిసే క్లాంపు విప్పి, తన క్లాంపు బిగించాడు. మళ్లీ మీట వేయగానే నీళ్లు ఒక్క చుక్క చిందకుండా కాలువలోకి దూకాయి. కిష్టయ్య కర్ర పక్కన పడేసి, గ్రీజు మరకల ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"గీ చెయ్యినే గద బిడ్డా, దొంగ చెయ్యి అన్నం," అని కళ్లు తుడుచుకున్నాడు.