గుండీల డబ్బాలో పసుపు మాత్రలు

"ఎన్నాళ్ళ నుంచి మింగుతున్నావు ఇవి? చెప్పు! నా ఇంట్లో, నా కళ్ళ ముందే, నా గుండీల డబ్బాలో దాచుకుని మరీ...!"

అత్తగారి కేకకి మిషను తొక్కుతున్న కోడలి కాలు ఆగిపోయింది. సగం కుట్టిన చొక్కా కాలరు సూది కింద అలాగే ఉండిపోయింది.

ఆ అత్తగారే కత్తెరమ్మ. ఆవిడంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో! ముప్పై ఏళ్ళ పైగా వీధి వైపు గదిలో కుట్టుదుకాణం నడుపుతోంది. కోట్ల నుంచి కర్టెన్ల దాకా ఏదైనా కుడుతుంది, ఒక్క పసిపిల్లల బట్టలు తప్ప. ఎవరైనా తెస్తే "మా దగ్గర కుట్టం" అని ముఖం మీదే చెప్పి పంపేస్తుంది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికుంది?

ఆ రోజు ఆవిడ వెతికింది తెల్ల గుండీ కోసం. దొరికినవి పదకొండు పసుపు మాత్రలు. రేకుతో సహా ఒక్కొక్కటీ విడివిడిగా కత్తిరించి ఉంది. ఈరోజు వేసుకున్నానా లేదా అన్న అనుమానం రాకుండా, కోడలు రోజుకొకటి చొప్పున కత్తిరించి, పొద్దున్నే మొదట తెరిచే డబ్బాలో పెట్టుకుంది. చేతిలో కత్తెర ఉంటే దర్జీలకి ఇలాంటి తెలివితేటలే వస్తాయి! ఆ కత్తిరింపులో మందు పేరు కూడా ముక్కలైపోయింది. పేరు లేని మాత్రలు, రోజుకొకటి, పెళ్ళయి రెండేళ్ళయినా నెల తప్పని కోడలు... అత్తగారు ఇట్టే తేల్చేసింది.

"పిల్లలు వద్దనుకుంటే నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా! నేనిక్కడ ఆశలు పెట్టుకుని కూర్చుంటే, నువ్వు పుట్టకుండా మందులు మింగుతున్నావా?"

"అత్తయ్యా, అవి అందుకు కాదు."

"మరెందుకు?"

కోడలి పెదవి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఎలా చెప్పగలదు? చెప్పాలంటే, ఈవిడ ఎవరితోనూ ఎత్తని ఆ విషయం ఎత్తాలి. తనను ఎన్ని మాటలన్నా పరవాలేదు, ఆ పుండు మాత్రం కెలకకూడదు! అందుకే తల దించుకుంది. ఆ మౌనం అత్తగారికి ఒప్పుకోలులా కనిపించింది. రేకులన్నీ చించి మాత్రల్ని సింకులో పోసి కుళాయి తిప్పేసింది.

"అయ్యో, ఎంత పని చేశారు అత్తయ్యా!" కోడలి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "తిట్టండి, పడతాను. కానీ సాయంత్రానికి మళ్ళీ కొనుక్కొస్తాను. ఒక్క రోజు కూడా మానను."

లిఫ్టులు బాగుచేసే కొడుకు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ఇల్లు కుతకుతలాడుతోంది. తల్లి చెప్పిందంతా విన్నాడు. చెప్పొద్దని భార్య కళ్ళతోనే బతిమాలింది.

"ఇంక నావల్ల కాదు" అన్నాడతను. "అమ్మా, అది ఫోలిక్ యాసిడ్, విటమిను మాత్ర. పిల్లలు కావాలనే వేసుకుంటోంది! మీ ఇంట్లో ఎవరికైనా వెన్నెముక మూసుకోని బిడ్డ పుట్టిందా అని డాక్టరమ్మ అడిగింది. నేను... అక్క గురించి చెప్పాను. నాన్న పోయే ముందు నాకు చెప్పాడమ్మా."

కత్తెరమ్మ స్టూలు మీద కూలబడింది. రెండు రోజులు బతికిన ఆడపిల్ల... వీపు చిన్న గాయంలా తెరుచుకుని పుట్టిన చిట్టితల్లి! ఎన్నేళ్ళయినా ఆ వీపు ఆవిడ కళ్ళ ముందు నుంచి పోలేదు.

"నీకు బాధ కలుగుతుందనే ఇది ఇన్నాళ్ళూ దాచింది" అన్నాడు కొడుకు.

ఆవిడ తన కాళ్ళకేసి చూసుకుంది. "కడుపుతో ఉండి మిషను తొక్కాను. అందుకే అలా పుట్టిందని మా అత్తగారు అంది. ఈ కాళ్ళే దాన్ని చంపాయని..."

కోడలు వచ్చి ఆవిడ పాదాల దగ్గర కూర్చుంది. "నేనూ మిషను తొక్కేదాన్నే కదా అత్తయ్యా! డాక్టరమ్మని మొదట అడిగింది అదే. మిషనుకీ దానికీ సంబంధమే లేదంది. కడుపులో బిడ్డ వెన్నెముక మొదటి నెలలోనే మూసుకుంటుందట. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదట. అందుకే ముందు నుంచే వేసుకోమంది, మన ఇంట్లో అలా జరిగింది కాబట్టి మోతాదు కూడా తనే చూసి రాసింది. ఆ లోపం అసలు రాదని కాదు, ప్రమాదం చాలా తగ్గుతుందట. మీ తప్పేమీ లేదు... ఒక్క పిసరు కూడా లేదు!"

"నా కాళ్ళ తప్పు కాదా?" చిన్నపిల్లలా అడిగింది కత్తెరమ్మ.

"కాదు అత్తయ్యా."

అన్నేళ్ళ ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. కోడలి తలని ఒడిలోకి లాక్కుని, "నా నోరు పడిపోను! ఎన్ని మాటలన్నానే నిన్ను!" అంటూ ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు చీదుకుని, అన్నం పెట్టకుండానే కొడుకుని మందులషాపుకి తరిమింది. తెచ్చిన మాత్రల అట్టను తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. "ఇక నుంచి రోజూ నేనిస్తాను. దీని మీద కత్తెర పెట్టావో, చూడు మరి!"

పది రోజుల తర్వాత వీధి చివరి నర్సు మెత్తటి గుడ్డముక్కతో వచ్చింది. కొత్తగా పుట్టిన మనవరాలికి జుబ్బా కావాలట. కోడలు అలవాటుగా, "మా దగ్గర కుట్ట..." అంటూ మొదలుపెట్టింది.

"ఇలా ఇవ్వమ్మా" అని కత్తెరమ్మ చెయ్యి చాచింది. గుడ్డను రెండుసార్లు చెంపకి ఆనించుకుని చూసింది. "వెనకాల గుండీలు వద్దు, వీపుకి ఒత్తుకుంటాయి. ముందు వైపు ముడులు పెడతాను."

ఆ మాట అని, కాళ్ళు రెండూ మిషను పెడల్ మీద పెట్టింది.