హాస్టల్ వెనక బావి పిలిచిన రాత్రి

మా కాలేజీ హాస్టల్ వెనక ఒక దిగుడు బావి ఉండేది. ఆ బావికున్న చెడ్డపేరు హన్మకొండలో ఏ రౌడీకీ ఉండేది కాదు. పొద్దు గూకితే అటు కుక్క కూడా పోదనేవాళ్లు. కుక్క సంగతి నాకు తెలియదు గానీ, నేను మాత్రం పోయేవాణ్ని కాదు.

అది 1980 ఎండాకాలం. అంతకు ముందు ఏడాది వానలు ముఖం చాటేశాయి. బావి అడుగంటింది. హాస్టల్ పిల్లలకే నీళ్లు చాలడం లేదు, మొక్కలకు చుక్క పోసినా ఊరుకోనని ప్రిన్సిపాల్ కిషన్ రావు గారు ఆర్డర్ వేశారు. తోటంతా మాడిపోయింది. కానీ గేటు నుంచి లైబ్రరీ దాకా, దారికి రెండు పక్కలా నాటిన పొగడ మొక్కలు మాత్రం... నవనవలాడుతూ ఉన్నాయి! రోజూ తెల్లారేసరికి వాటి పాదులు తడిసి ఉండేవి.

కాలేజీకి అందమంతా ఆ దారిలోనే ఉందని వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. ఆ అందానికి నీళ్లు పోసేదెవరని అడిగితే మాత్రం మేం గొంతు తగ్గించేవాళ్లం. రాత్రిపూట బావిలోంచి డబ్బా చప్పుడు వస్తుందట... ఎవరో మెట్లెక్కుతూ రొప్పుతారట...

ఇక్కణ్నుంచి కొంత కథ రాత్రి వాచ్‌మన్ ఇస్సాకు చాలా రోజుల తర్వాత నాకు చెప్పినదే.

ప్రిన్సిపాల్ గారు అతణ్ని పిలిచి, "నీళ్ల దొంగ ఎవడో పట్టుకో. వాణ్ని ఆ రోజే పనిలోంచి తీసేస్తా. పట్టుకోకపోతే నిన్ను తీసేస్తా" అన్నారట.

ఆ రాత్రి ఇస్సాకు బావి గట్టు పక్కన నక్కి కూర్చున్నాడు. ఒంటిగంట దాటింది. ఆకు కదలడం లేదు. అంతలో బావి అడుగున – టప్. మళ్లీ... టప్. ఇస్సాకు యేసయ్యను తలచుకుని టార్చిలైటు గట్టిగా పట్టుకున్నాడు.

ఏదో మెట్ల మీద బరువుగా పైకి వస్తోంది. నాలుగు మెట్లు ఎక్కి ఆగింది. రొప్పింది. మళ్లీ నాలుగు మెట్లు... ముందు ఒక తల లేచింది. తర్వాత భుజం మీద కావడి.

టార్చి వెలిగించాడు. కాలేజీ మాలి మొగిలయ్య! అరవై దాటిన మనిషి, మోకాళ్ల దాకా బురద. కావడికి రెండు డబ్బాలు, వాటిల్లో ఎర్రటి బురద నీళ్లు.

"లైటు బందు వెట్టు తమ్మీ..." అన్నాడు గుసగుసగా.

"గిదేం పనే మొగిలన్నా? సారుకు ఎరుకైతే నౌకరి పోతది."

"మోటరుకు అందని అడుగు నీళ్లే తోడుతాన. పోరగాండ్ల నోటికాడియి గావు. రెండేండ్లు సాదిన మొక్కలు, కండ్లముంగట ఎండవెట్టాల్నా? వానలు వడేదాంక జర ఓపిక వట్టు."

ఇస్సాకు ఏం చేయగలడు? పట్టిస్తే మొగిలయ్య పని పోతుంది, పట్టించకపోతే తన పని పోతుంది. తెల్లారి ప్రిన్సిపాల్ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మనిషి గాదు సార్. కండ్లార సూసిన. కాళ్లు భూమికి ఆనుతలెవ్వు" అన్నాడు.

ప్రిన్సిపాల్ గారు ఎమ్మెస్సీ ఫిజిక్స్. గట్టిగా నవ్వారు. ఆ సాయంత్రం నుంచే బావి పక్క దారి మానేసి, చుట్టూ తిరిగి ఇంటికి పోవడం మొదలుపెట్టారు.

ఇక మేమెందుకు ఊరుకుంటాం! దయ్యానికి తలా ఒక గుణం తగిలించాం. మా ఊళ్లల్లో రాత్రిపూట ఎవరు పిలిచినా మూడోసారి దాకా పలకరు. నా గదిలో ఉండే మరిపెడ లక్ష్మీనారాయణ దాన్ని ఇంకాస్త సాగదీశాడు. "ఇది పేరు వెట్టి పిలుస్తదిరా. ఎన్నిసార్లు పిలిచినా పలకద్దు. పలికినమా... గంతే" అన్నాడు. ఇస్సాకు విన్నాడు, కాదనలేదు. ఎంత భయపడితే మొగిలయ్యకు అంత మంచిదనుకున్నాడు పాపం.

ఏప్రిల్లో ఒక రాత్రి, కూతురు లిదియాకు నొప్పులొస్తున్నాయని కబురొస్తే ఇస్సాకు వర్ధన్నపేట పోయాడు. మేం పరీక్షలకు చదువుకుంటున్నాం. ఒంటిగంటకు వినబడింది.

"ఇస్సాకూ..."

లక్ష్మీనారాయణ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఓ ఇస్సాకూ... జర రారాదే..."

గొంతు బావిలోంచే. రాతి గోడలకు కొట్టుకుని వంకరపోయి వస్తోంది, మనిషి గొంతని చెప్పడానికి లేదు. పక్క గదుల కిటికీలు టపటపా మూసుకున్నాయి. మేమూ మూశాం. నూట ఇరవై మందిమి, ఒక్కడూ గడప దాటలేదు. నాకు ఒకసారి అనుమానం వచ్చింది, దయ్యం ఇంత బతిమాలుతుందా అని. లేవబోయాను. మళ్లీ కూలబడ్డాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, దుప్పటి ముసుగేసుకుని చెవులు మూసుకున్నాను.

అది పిలుస్తూనే ఉంది...

తెల్లారి మొదటి బస్సుకే ఇస్సాకు దిగాడు. మనవడు పుట్టాడట, చేతిలో బెల్లం పొట్లం, ముఖమంతా నవ్వు. దారి వెంట వస్తూ వస్తూ ఒక పొగడ మొక్క దగ్గర ఆగాడు. వంగి పాదు ముట్టుకున్నాడు. పొడిగా ఉంది. పక్క దాన్ని ముట్టుకున్నాడు. అదీ పొడిగానే ఉంది.

నేను పరుగున ఎదురుపోయాను. అందరికంటే ముందు చెప్పాలని ఆత్రం నాకు.

"కాకా! రాత్రి దయ్యం నీ పేరు వెట్టి పిలిచింది!"

ఇస్సాకు బావి వైపు చూశాడు.

"ఎంతసేపు పిలిచింది కొడుకా?"

"నాలుగింటి దాంక పిలిచింది కాకా" అన్నాను. "ఆ తర్వాత... సప్పుడు లేదు."