బాంబులు పారేసిన ఈరేష్

ఈరేష్ విమానం గాల్లోకి లేచిన కాసేపటికే కూలిపోయింది.

కడపలో ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్. కంప్యూటర్ ల్యాబులో యుద్ధవిమానాల సిమ్యులేటర్ పోటీ పెట్టారు. పత్తికొండ నుంచి వచ్చి మెకానికల్ చదువుతున్న ఈరేష్, తన జెట్ రెక్కల కింద తగిలించగలిగినవన్నీ తగిలించాడు. మిసైళ్లు, బాంబులు, అదనపు ట్యాంకులు, వాటి నిండా ఇంధనం. శత్రువు కనబడగానే విమానాన్ని గట్టిగా తిప్పాడు. ముక్కు పైకి లేచింది గానీ విమానం కిందికి జారింది. అదే అదనుగా వెనక నుంచి ఎవరో కాల్చేశారు.

ఎదురు వరుసలో అతన్ని కాల్చిన అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి పడీ పడీ నవ్వుతోంది.

“ఏమప్పా, యుద్ధానికి వచ్చినావా, ఇల్లు ఖాళీ చేసి పోతాండావా?”

ఈరేష్ చెవులు ఎర్రబడ్డాయి. “జాయ్‌స్టిక్ సరిగ్గా పనిచేయలేదు.”

“అది బాగానే ఉండాది. నువ్వే లారీ లోడు ఎత్తుకొని డ్యాన్స్ చేస్తాండావు.”

ఆ అమ్మాయి శశికళ. ఎలక్ట్రికల్ ఫైనలియర్. ఒంటిమిట్ట దగ్గర మాధవరంలో వాళ్లది చేనేత కుటుంబం.

మర్నాడు క్యాంటీన్ దగ్గర ఈరేష్ ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. “నాకు నేర్పిస్తావా?”

“ఓడినోళ్లు తిట్టుకుంటారు గానీ నేర్పమని అడుగుతారా?”

“తిట్టుకున్నా, నిన్నంతా. ఇప్పుడు అడుగుతాండా.”

శశికి మళ్లీ నవ్వొచ్చింది. ఈసారి నవ్వు వేరుగా ఉంది.

సాయంత్రాలు ల్యాబులో పాఠాలు మొదలయ్యాయి. “బరువెక్కువైతే మలుపులో స్పీడు పోతాది. స్పీడు పోతే రెక్కలు మోయలేవు. కొట్లాటకు దిగే ముందు అక్కర్లేనివన్నీ పారేయల్ల,” అంది శశి.

“ఒక రెక్క కిందవే పారేస్తే?”

“రెండో పక్కకు ఒరుగుతాది. నువ్వు నా పక్కకు ఒరిగినట్ల.”

ఈరేష్ గబుక్కున సర్దుకుని కూర్చున్నాడు. శశి ఏమీ అననట్టు స్క్రీన్ వైపు చూసింది.

ఒకరోజు కరెంటు పోయి, వాన మొదలైంది. కడపలో వాన పడితే గొడుగు తెరిచేవాళ్ల కంటే బయటికొచ్చి చూసేవాళ్లే ఎక్కువ. వరండాలో నిలబడి ఇద్దరూ చేతులు చాచి తడుపుకున్నారు. అక్కడే శశి చెప్పింది: “కర్నూల్లో పెద్ద పోటీ ఉండాదంట. సిమ్యులేటర్లు తయారుచేసే బెంగళూరు కంపెనీ పెడతాంది. గెలిచిన జోడీకి ట్రైనింగు, ఉద్యోగం. ఆటలు కూడు పెడతాయా అని మా నాయన రోజూ అడుగుతాడు. గెలిచి చూపియ్యల్ల.”

“గెలుద్దాం,” అన్నాడు ఈరేష్.

కర్నూలు ఫైనల్లో ఈరేష్ పని బాంబులతో వంతెన కూల్చడం. తేలికైన విమానంతో అతనికి కాపలా కాయడం శశి పని. వంతెన కనబడుతుండగా శత్రువు శశి వెనకపడ్డాడు. ఆమె ఇంజను నుంచి పొగ లేచింది.

“నన్ను వదిలేయ్! బ్రిడ్జి మీదికి పో!” అని అరిచింది.

ఈరేష్ ఒక బటన్ నొక్కాడు. బాంబులన్నీ ఎక్కడో బీడులో పడ్డాయి. బరువు తగ్గిన అతని విమానం గిరుక్కున తిరిగింది. అతను కాల్చగానే శత్రువు కూలిపోయాడు. వంతెన మాత్రం చెక్కుచెదరలేదు.

శశి విమానంలో ఎడమవైపు మిసైళ్లు అయిపోయాయి. కుడివైపు మిగిలినవాటి బరువుకు విమానం ఒరిగిపోతోంది. వాటినీ వదిలేసి, పొగలు కక్కుతున్న విమానాన్ని నెమ్మదిగా రన్‌వే మీద దించింది. బహుమతి వేరేవాళ్లకు పోయింది.

బయటికి రాగానే శశి విరుచుకుపడింది. “ఎందుకు పారేసినావు? ఇంకాసేపు ఆగింటే గెలిచేటోళ్లం!”

“నిన్ను కొడతాంటే చూస్తా పోలేకపోయినా.”

“అది ఆట కదప్పా!”

“ఆ మాట నాకు గుర్తుకే రాలేదు.”

“నా ఉద్యోగం గూడా గుర్తుకు రాలేదా?”

శశి కళ్లు తుడుచుకుని ఒక్కతే బస్సెక్కింది. ఆ తర్వాత ఈరేష్ ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

ఇక ఉండబట్టలేక ఆదివారం మాధవరం వెళ్లాడు. ఇంట్లో శశి తండ్రి గురప్ప మగ్గం మీద ఉన్నాడు.

“ఎవరప్పా నువ్వు?”

“ఈరేష్ అంటారు. శశికి సారీ చెప్దామని వచ్చినా.”

లోపలి నుంచి శశి వచ్చింది. “నాయనా, బాంబులు పారేసింది ఈయప్పే.”

మగ్గం టక్కున ఆగింది. “బాంబులా?”

“కంప్యూటర్లో నాయనా!”

గురప్ప ఊపిరి పీల్చుకున్నాడు.

శశి ఈరేష్ వైపు తిరిగింది. “ఆ కంపెనీ మేడం శివజ్యోతి నిన్న ఫోన్ చేసింది. నేను విమానం దించింది మళ్లీ మళ్లీ చూసిందంట. దెబ్బతిన్న విమానాన్ని అంత నిదానంగా దించేవాళ్లు తక్కువని, ఇంటర్వ్యూకు రమ్మంది.”

“మరి నాకు చెప్పలేదే?”

“కోపం. ఇంకా కొంచెం ఉండాది.”

గురప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఆటలో ఓడినందుకు ఇంతదూరం వచ్చినావా?”

“ఆట కోసం రాలేదు మామా.”

నోరు జారిన సంగతి ఈరేష్‌కు అప్పటికి గాని తెలియలేదు. వంటింట్లో శశి తల్లి గంగాదేవి కిసుక్కున నవ్వింది.

“ఏమన్నావు?” అన్నాడు గురప్ప.

ఈరేష్ శశి వైపు చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. “మామా అన్నా. శశి అంటే నాకు శానా ఇష్టం. ఆమె వద్దంటే ఇంకోసారి అట్ల పిలవను.”

గురప్ప మగ్గం దిగి కూతురి వైపు తిరిగాడు. “ముందు ఇద్దరూ ఉద్యోగాలు చూసుకోండి. ఆమీద వీళ్ల అమ్మానాయనలతో మాట్లాడతా. నువ్వేమంటావు తల్లీ?”

శశి ఈరేష్‌ను ఒక్కసారి చూసి తల తిప్పుకుంది.

“నోరారా పిలిచినాడు గదా నాయనా, పిలవనీ.”