చెట్టు వెనకాల ఆకుపచ్చ పిట్ట

"ఈ ఏడాది కుదరదమ్మా, సెలవు లేదు," అని కూతురు చిన్ని ఫోన్లో చెప్పేసరికి, కుట్టు పిన్ని చేతిలోని గుడ్డపిట్టకి ఇంకా ఒక కన్నే పడింది. వీధి వీధంతా ఆవిడని కుట్టు పిన్ని అనే పిలుస్తుంది. పొద్దున లేస్తే మిషన్ చప్పుడు, పొద్దుగూకితే నడుం నొప్పి. అంత చాకిరీలోనూ ఆవిడకున్న సరదా ఒక్కటే.

ఊరి చివర పాత మహల్ ఉంది. ఎప్పుడో గొప్పింటివాళ్లు కట్టుకున్నది, ఇప్పుడు పెద్ద హోటల్. క్రిస్మస్ వారంలో దాని హాల్లో కప్పుకి తగిలేంత చెట్టు పెట్టి, చూడవచ్చిన వాళ్లందరినీ లోపలికి రానిస్తారు. చిన్ని బడికెళ్లే రోజుల నుంచీ తల్లీకూతుళ్లు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, పైన గదేదో తమదే అన్నట్టు బడాయిగా వెళ్లేవారు. ఒక టీ చెప్పి రెండు కప్పుల్లో పోసుకునేవారు. వచ్చేముందు చెట్టు వెనకాల, ఎవరూ తొంగిచూడని కొమ్మకి ఓ గుడ్డపిట్టని తగిలించేవారు. హోటల్ వాళ్లు దాన్ని మిగతా అలంకారాలతో పాటు దాచి మరుసటేడు మళ్లీ కడితే, ఇద్దరికీ ఏనుగెక్కినంత సంబరం.

"పోనీ ఆదివారం?"

"ఆదివారం కూడా ఆఫీసేనమ్మా. చిన్నపిల్లలా అడక్కు."

పిన్ని రెండో కన్ను కుట్టేసింది. పిల్లకి కుదరకపోతే పిట్టదేం తప్పు అనుకుని, మర్నాడు ఒక్కతే బయల్దేరింది.

చెట్టు వెనక్కి వెళ్లి వంగింది. పాత పిట్టలన్నీ ఉన్నాయి. వాటి పక్కన కొత్తది ఒకటి, ఆకుపచ్చగా. పోయిన నెల చిన్ని ఇంటి ముందుగదికి తాను కుట్టిన కర్టెన్ గుడ్డ అది. మిగిలిన ముక్క కావాలని అడిగి మరీ పట్టుకెళ్లింది. పైగా దారం ముడి బయటికే ఉంది. ముడి లోపలికి పోవాలే అని ఎన్నిసార్లు మొత్తుకున్నా, ఆ పిల్లకి ఎక్కలేదు. పిన్ని ఆ ముడిని వేలితో తడిమింది.

"ఈసారి విడివిడిగా వస్తున్నారేంటమ్మా?" గుమ్మం దగ్గర ఏటా కనిపించే కాపలా పెద్దాయన ఆప్యాయంగా పలకరించాడు. "మీ అమ్మాయిగారు మొన్ననే వాళ్ల అత్తగారితో వచ్చారుగా. పైన గది తీసుకుని, రాత్రి ఉండి వెళ్లారు."

పిన్ని తను తెచ్చిన పిట్టని తగిలించలేదు. ఆకుపచ్చదాన్ని మాత్రం విప్పి పట్టుకుని, తిన్నగా కూతురింటికెళ్లింది.

"మెల్లగా అమ్మా, అత్తగారు పడుకున్నారు," అంది చిన్ని వంటింట్లోకి తీసుకెళుతూ.

పిన్ని పిట్టని గట్టు మీద పెట్టింది. "సెలవు దొరికిందన్నమాట."

చిన్ని వంటింటి తలుపు దగ్గరికేసింది. "ఆవిడ చూడాలని సరదా పడ్డారమ్మా."

"తీసుకెళ్లు, ఎవరొద్దన్నారు? ఆవిడ పక్కన నేను కూర్చుంటే ఆవిడ అరిగిపోతుందా? నాతో అబద్ధమెందుకు?"

"నిరుడు నువ్వు బల్ల మీది చక్కెర పొట్లాలన్నీ సంచిలో వేసుకున్నావు. పక్కవాళ్లు చూసి నవ్వారు. అత్తగారి ముందు కూడా అలా చేస్తే..." 

"ఓహో. చిన్నప్పుడు ఆ పొట్లాలు మేజోళ్లలో దాచుకుని, ఇంటికొచ్చాక లెక్కపెట్టిందెవరే?" అంది పిన్ని. "ఊరంతా నవ్వనీ, నాకేం. నా కడుపున పుట్టినదానివి, నువ్వు సిగ్గుపడ్డావు చూడు, అదీ నాకు కోత."

చిన్నికి కన్నీళ్లు ఆగలేదు. "నువ్వు లేకుండా వెళుతున్నానని ముందే పిట్టని కుట్టుకున్నానమ్మా. అది ఉంటే నువ్వున్నట్టే అనుకున్నా. అలా ఏం అనిపించలేదు. ఎవరి టీ వాళ్లకి వేరే తెచ్చారు. నాకు సగం చాలనబోయి ఆగిపోయాను."

పిన్ని కరిగిపోలేదు. అంత దెబ్బ తిన్నాక ఎవరు మాత్రం వెంటనే కరుగుతారు? గట్టు మీది పిట్టని తీసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

క్రిస్మస్ ముందురోజు పొద్దున చిన్ని మంచి బట్టలు కట్టుకుని తల్లి గుమ్మంలో నిలబడింది. వెనకాల అత్తగారు. "అంతా చెప్పింది వదినగారూ," అంది ఆవిడ. "మీరు రాకపోతే నేనూ రాను."

పిన్ని రెండు పిట్టల్నీ సంచిలో వేసుకుంది. మహల్లో కూర్చోగానే చిన్ని ఒక టీ, మూడు ఖాళీ కప్పులు తెమ్మంది. చక్కెర పొట్లాల గిన్నె వచ్చి పిన్ని ముందే ఆగింది. పిన్ని దాన్ని చూసి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, పరాయి ఇంటికొచ్చినట్టు ఒద్దికగా కూర్చుంది.

తల్లి అలా కూర్చోవడం చిన్ని పుట్టి ఎరగదు. నేనే కదా ఆ చేతులు కట్టేశాను అనుకుంది. లేచి, అత్తగారు చూస్తుండగానే, పక్కబల్లల వాళ్లంతా చూస్తుండగానే, గిన్నెలోని పొట్లాలన్నీ దోసిట పట్టి తల్లి సంచిలో పోసింది.

అత్తగారు ఒక్క క్షణం నోరు తెరిచి చూసింది. తర్వాత తన సాసర్లో ఉన్న పొట్లం తీసి ముందుకి తోసింది. "ఇదొకటి మర్చిపోయావే."

పిన్ని నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, "ముందు ఆ పిట్టని కట్టి రా," అంది. "ముడి బయటికున్నా పర్లేదులే."