తేజానా, తాలా?

"ఓడ కదిలిందా, ఇక మర్చిపో." బ్రీఫింగ్‌లో చీఫ్ చెప్పింది అంతే.

విగ్రహాల దొంగల్ని పట్టే ఏజెన్సీలో ఆఫీసరైన సురేంద్రకు మిగతాది అర్థమైంది. దొంగిలించిన శిల్పాల మీద 1970 నాటి యునెస్కో ఒప్పందం ఉంది. కానీ దాని కింద తిరిగి అడగాలంటే అది మనదేనని ప్రూఫ్ మనమే చూపించాలి. పొదిలి దగ్గర ఓ పల్లెలో ఎర్రమ్మగా పూజలందుకునే ఆ బౌద్ధ శిల్పానికి ఒక్క ఫొటో కూడా లేదు. తీస్తే అమ్మకు కోపమట. పూజ చేసే చెంచమ్మ, దొంగలు అమ్మను ఎత్తుకుపోయిన రోజు నుంచి అన్నం ముట్టలేదు. తెచ్చి ఇస్తానని సురేంద్ర ఆమెకు మాటిచ్చేశాడు.

గుంటూరు శివార్లలో మిర్చి కోల్డ్ స్టోరేజ్. మిర్చి బయ్యర్ వేషం, చొక్కా గుండీలో మైక్. లోపల హేమశ్రీ. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు. విదేశీ ముఠాలో మనిషే, ఏజెన్సీకీ ఇన్ఫార్మరే. ఎవరి వైపో ఆమెకే తెలియాలి. ఆమె చెప్పాల్సిన కోడ్ సింపుల్: అసలుదైతే మేలురకం మిర్చి పేరు తేజ, నకిలీదైతే పనికిరాని మిర్చి పేరు తాలు.

మిర్చి బస్తాల మధ్య శిల్పం. కంటెయినర్ తలుపులు మూస్తున్నారు.

"తాలేనండి," అంది హేమశ్రీ. "కొత్తగా చెక్కింది, పేపర్లున్నాయి. అసలుది ఇందాకే చెన్నై రూట్‌లో పోయింది. వెంటనే వెళ్తే అందుకుంటారు."

సురేంద్ర రెండడుగులు వేసి ఆగాడు. అడగకుండానే రూట్ కూడా చెప్పిందేంటి?

వెనక్కి దూకి కంటెయినర్ ఎక్కాడు. అంతా ఎర్రటి కారం దుమ్ము. కర్చీఫ్‌తో శిల్పం కిందున్న చెక్క పలక మీద తుడిచాడు, పోయింది. శిల్పం మీద తుడిచాడు, పోలేదు. తరతరాల దీపాల నూనె తాగిన రాయి. దుమ్ము కుంకుమలా పట్టేసింది. నిన్నగాక మొన్న చెక్కిన రాయికి ఇంత జిడ్డెక్కడిది?

"తేజ," అన్నాడు మైక్‌లో. కదలబోయిన లారీకి అడ్డంగా టీమ్ జీపులు వచ్చి ఆగాయి.

హేమశ్రీ అప్రూవర్‌గా మారింది. ముఠా మొత్తం దొరికింది. నెల తిరక్కుండా ఆమె బెయిల్ మీద బయటికొచ్చింది.

ఆ రోజే చెంచమ్మ వచ్చింది. స్ట్రాంగ్ రూమ్ ఊచల్లోంచి చూసి, అవును మా అమ్మేనంది. సురేంద్ర నసిగాడు. చట్టం ప్రకారం ఇప్పుడు అమ్మ కేసు ప్రాపర్టీ. తీర్పు వచ్చేదాకా కదపకూడదు. తర్వాత కూడా మ్యూజియంకే వెళ్లొచ్చు.

చెంచమ్మ తలుపు తాళం పట్టుకుని లాగి చూసింది.

"దొంగదాన్ని వదిలేసి, మా అమ్మనెందుకయ్యా లోపలేశారు?"