పందెం లేని పరుగు

కాలిన కర్రను సొరబుర్రలోకి దించి లోపలంతా మసి పట్టిస్తోంది కోబిలో. పాలు పాడవకుండా, పోసే ముందు రోజూ చేసే పనే. చూపు మాత్రం వాకిలి మీదే ఉంది. తెల్లవారగానే పరుగుకు పోయిన కోడలు జెలిమో, పదేళ్ళ మనవరాలు జెమెలి చెమటలు కక్కుతూ అప్పుడే వచ్చారు.

కొడుకు కిప్తారుస్ పోయి ఎనిమిది నెలలు. వేకువనే పరుగు పందేల సాధనకు వెళ్ళినవాణ్ణి, ఇంటికి వినపడేంత దూరంలోనే, ఎర్రమట్టి దారిలో లారీ గుద్దేసింది. ఇప్పుడు కోడలు పరుగెత్తేదీ ఆ దారిలోనే.

"నిన్న కోచ్ దగ్గరికి వెళ్ళాను," అంది కోబిలో. "నా కోడల్ని ఏ పందేనికీ తీసుకోవద్దని చెప్పొచ్చాను."

జెలిమో నీళ్ళు తాగడం ఆపింది. "ఆయనేమన్నాడు?"

"ఆవిడ పేరే నా దగ్గర లేదమ్మా అని నవ్వాడు. మరి ఏ జట్టులో చేరావు?"

"ఏ జట్టూ లేదు అత్తయ్యా. ఏ పందెమూ లేదు."

"ఈ ఊళ్ళో పందెం లేకుండా ఎవరు పరుగెత్తారే? కుక్క తరిమితే తప్ప."

"నిద్ర పట్టడం లేదంటే ఆసుపత్రిలో నర్సమ్మ పరుగెత్తమంది. ఇంట్లో కూర్చుంటే లారీ బ్రేకుల చప్పుడే చెవుల్లో ఉంటుంది. పరుగెడుతుంటే నా ఊపిరి తప్ప ఏదీ వినపడదు. జెమెలి కూడా నాలుగు రోజులుగా పక్క తడపడం లేదు."

"మొగుడి నెత్తురు పడ్డ మట్టి తొక్కుతూ ఊపిరి వింటున్నావా? సిగ్గు లేదూ?"

"సిగ్గుపడాల్సింది నేనా?" జెలిమో గొంతు పెంచలేదు. "ఆ రోజు మోకాలు నొప్పి, పడుకుంటానన్నాడు. దుప్పటి లాగిందెవరు?"

కోబిలో చెయ్యి ఆగిపోయింది. గెలిచేవాళ్ళు పడుకోరురా అన్న తన మాట ఎవరూ వినలేదనే అనుకుంది ఇన్నాళ్ళూ.

"విన్నావా?"

"విన్నాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పను."

"పాలు పితుకుతున్నా అదే మాట వినిపిస్తుందే నాకు," అంది కోబిలో. మసి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. బుగ్గలంతా నల్లబడ్డాయి. జెమెలి వచ్చి తన గౌను అంచుతో తుడవబోయింది.

జెలిమో అత్తగారి పక్కన కూర్చుంది. "క్షమించానని అనలేను అత్తయ్యా. అబద్ధమవుతుంది. రేపు మాతో రండి. పరుగెత్తక్కర్లేదు, నడిస్తే చాలు."

కోబిలో సొరబుర్రను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

మర్నాడు చీకటి విడీ విడకముందే లేచింది. తల్లీకూతుళ్ళు నిద్రలో ఉన్నారు. ఎవరినీ లేపలేదు. శాలువా చుట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా తీసి, ఎనిమిది నెలలుగా తాను అడుగుపెట్టని ఆ దారి వైపు ఒంటరిగా నడిచింది.