అమ్మకు కట్టిన అంగిలి

పొద్దున్నే అమ్మ జావగిన్నె పట్టుకుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆపరేషన్ అయిన నాటి నుంచి రోజూ ఇదే తంతు. క్యాన్సర్ అని ఆవిడ పైదవడ కుడివైపు సగం, దానితోపాటు అంగిలీ తీసేశారు. ఏది మింగబోయినా సగం ముక్కులోంచి బయటికొచ్చేది. టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గొంతుతోనే బతికిన మనిషి, ఇప్పుడు నోరు విప్పితే ఒక్క మాటా తెలిసేది కాదు. అందుకే మాట్లాడడమే మానేసింది.

కూతురు బుల్లి పళ్ళసెట్లు చేసే ల్యాబులో పనిచేస్తుంది. ఏడాది కిందట "అంగిట్లో పుండు పడిందే" అని అమ్మ అంటే, "నేను చేసిచ్చిన పళ్ళసెట్టు ఒరుసుకుంటోందిలే" అని దాని అంచు కాస్త అరగదీసి ఇచ్చింది. అంతే. డాక్టరుకు చూపించుకోమని ఒక్క మాట అనలేదు. లోకానికి శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆమె పని. ఆ గడియ చప్పుడు విన్నప్పుడల్లా, అమ్మ తనకే శిక్ష వేస్తోందనుకునేది.

అమ్మ బయటికి రాగానే బుల్లి మెల్లగా కదిపింది.

"పదింటికి డాక్టరమ్మ రమ్మందమ్మా, అంగిలి మూసే ప్లేటుకు కొలతలు తియ్యడానికి. నీకు నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోదుగా, పాతరోజుల్లోలా ముద్ద కుక్కి అచ్చు తియ్యరులే. వేలంత కెమెరా లోపల తిప్పితే చాలు. తక్కిందంతా కంప్యూటర్లో నేనే..."

"నువ్వొద్దు." ముక్కుతో వచ్చిన ఆ మాట ఎలాగో అర్థమయింది. "ఇంకెవరి చేతైనా చేయించు."

బుల్లికి ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా పొంగుకొచ్చింది.

"నా చేతిమీద నమ్మకం పోయిందా? అవునమ్మా, నేనే తేలిగ్గా తీసేశాను! తిట్టవేం? నాలుగు పెట్టు. అంతేగానీ ఇలా తలుపేసుకుని చంపకు నన్ను!"

అమ్మ కుర్చీలో కూలబడింది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఒక్కో మాటే కూడదీసుకుంది.

"పిచ్చిదానా... నువ్వు అరగదీశాక కూడా పుండు మానలేదు. ఆర్నెల్లు నీకు చెప్పలేదు నేను. భయమేసింది. పైకి చెబితే నిజమైపోతుందేమోనని. ఇప్పుడీ కన్నం చూశావంటే, నీవల్లే అనుకుని బతుకంతా ఏడుస్తావు. నీకు కనపడకూడదనే తలుపేసుకున్నానే."

బుల్లి ఆవిడ ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ఇద్దరూ కలిసే బయల్దేరారు.

ఆ సాయంత్రం ల్యాబులో, నోటి స్కానూ ఆసుపత్రివాళ్ళు తీసిన స్కానూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టగానే, తెరమీద అమ్మ అంగిట్లో గొయ్యి కనపడింది. బుల్లి చూపు తిప్పుకోలేదు. కళ్ళు తుడుచుకుని పనిలో దిగింది. గొయ్యిని మూసే బుడిపె బరువుకు ప్లేటు జారకుండా లోపల డొల్లగా ఉంచింది. పాత సెట్టు కొలతలు కంప్యూటర్లో భద్రంగానే ఉన్నాయి. ముందుపన్ను అప్పట్లాగే కాస్త వంకరగా పెట్టింది. అది అమ్మ పన్ను మరి. ప్రింటర్లో తీసిన మొదటిది ఒరుసుకుంది, రెండోది వదులైంది. మూడోది అతికినట్టు కుదిరింది.

ప్లేటు పెట్టించుకునే రోజే, అమ్మ మెడలో కొత్తగా తగిలిన గడ్డకు చేసిన పరీక్ష రిపోర్టూ వచ్చింది.

అమ్మ గ్లాసెడు నీళ్ళు తాగింది. ఒక్క చుక్క ముక్కులోకి రాలేదు. గొంతు సవరించుకుని, టెలిఫోన్లో అడిగినంత స్పష్టంగా అడిగింది.

"మళ్ళీ వచ్చిందా డాక్టరమ్మా? ఎన్నాళ్ళు?"

డాక్టరమ్మ తల దించుకుంది. "నెలలేనమ్మా. ఈసారి కోసినా లాభం లేదు."

బుల్లి గోడకు ఆనుకుని నోట్లో చీరచెంగు కుక్కుకుంది. అమ్మ లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏడుద్దువులే, ముందు పద. నీతో మాట్లాడక ఇన్ని నెలలు పాడుచేశాను. బోలెడు చెప్పాలి."

బస్సెక్కింది మొదలు ఆవిడ నోరు మూయలేదు. బుల్లి పుట్టినప్పటి గోల, ఆఫీసులో జోకులు, ఎవరికీ చెప్పని కోపాలు. పక్క సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నా, బుల్లి కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, ఒక్క మాటా పోనివ్వకుండా వింటూ కూర్చుంది.